బర్రె ఎగిరింది

"కాకి ఎగిరింది" అంటే చెయ్యి పైకి లేపాలి. "పిచ్చుక ఎగిరింది" అన్నా లేపాలి. ఆ ఊపులోనే, ఎవరికీ అనుమానం రాకుండా, అదే గొంతుతో "బర్రె ఎగిరింది" అనాలి. అప్పుడు చెయ్యి లేపినవాళ్లు ఓడినట్టు.

మా ఇంట్లో ఎప్పుడూ ఓడేది మా అమ్మాయి వర్ణిక. దానికి ఐదేళ్లున్నప్పుడు నేను దాని చేత బర్రెల్ని ఎగరేయించాను, ఏనుగుల్ని ఎగరేయించాను, ఒకసారి కాజీపేట లోకో షెడ్డునే ఎగరేయించాను. చెయ్యి నిండుగా పైకెత్తేసి, ఎత్తాక సంగతి తెలిసి, ఇంకో చేత్తో నోరు మూసుకుని పడీపడీ నవ్వేది. నిజం చెప్పాలంటే నేను ఆడేది ఆ నవ్వు కోసమే.

నాది రైల్వే సిగ్నల్ విభాగంలో పని. పేరు సారంగపాణి. ఎర్రదీపం వెలగాల్సిన చోట ఎర్రదీపమే వెలిగేట్టు చూడటం నా ఉద్యోగం. ఊరందరి రైళ్లనూ ఆపుతారు గానీ కన్నకూతుర్ని ఆపలేరని నా భార్య స్వరూప దెప్పేది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఒక సాయంత్రం మేము ఆడుతుంటే స్వరూప చెల్లెలు హేమలత వచ్చి కూర్చుంది. హేమ హనుమకొండలో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తుంది. పిల్లల మెదడు ఎట్లా ఎదుగుతుందో చూడటం ఆమె పని. వర్ణిక ఓడిపోయిన ప్రతిసారీ ఆమె కూడా మాతోపాటు నవ్వి, మళ్లీ ఆలోచనలో పడేది.

"బావా, బర్రె ఎగరదని దీనికి తెల్వక కాదు. తెలుసు. కానీ తల చెప్పేలోపలనే చెయ్యి పోతున్నది," అంది.

"మరి తల ముందు పోయేదెప్పుడు?"

"నుదురు ఎనుక ఒకడుంటడు. ఆగు అని చెప్పేటోడు. మూడేండ్లప్పుడు పనిల చేరుతడు. ఇరవై దాటినంక గానీ వానికి పని పూర్తిగ రాదు. ఇప్పుడింక అప్రెంటిసే."

"మీ బావ తలకాయల వాడింక పనిల చేరనే లేదే," అని లోపలి నుంచి స్వరూప అందుకుంది.

హేమ చెప్పాక నాకు వర్ణిక పనులన్నిట్లోనూ ఆ అప్రెంటిసే కనిపించాడు. ఉప్పూ అగ్గిపెట్టే తెమ్మని ఎదురు దుకాణానికి పంపితే ఉప్పు తెచ్చేది, అగ్గిపెట్టెకు బదులు దారిలో చూసిన తొండ కథ తెచ్చేది. తన పూల పళ్లెం కడగలేదని వేరే పళ్లెంలో అన్నం పెడితే ఇల్లు ఆగమాగం చేసేది. ఆగడం, గుర్తుపెట్టుకోవడం, ఒక దారి మూసుకుపోతే ఇంకో దారికి మళ్లడం. ఈ మూడూ వాడి పనులేనట. ఏడాది తిరిగేసరికి "ఉప్పు అగ్గిపెట్టె, ఉప్పు అగ్గిపెట్టె" అని పాడుకుంటూ పోయి రెండూ తేవడం మొదలుపెట్టింది. వాడు పని నేర్చుకుంటున్నాడని నేను మురిసిపోయాను.

వర్ణికకు టీ హోటలు ఆట ఒకటి ఉండేది. ఉత్త కప్పులు తెచ్చి నా ముందు పెట్టేది. నేను గటగటా తాగినట్టు చేస్తే కోప్పడేది.

"ఊదుకొని తాగు నాన్నా. కాలుతది."

ఆ ఆట చూసి హేమ నాతో, "నవ్వకు బావా. దీనికి ఇదే బడి," అంది. "లేని టీని ఉన్నదని పట్టుకొని కూసునుడు, తన ఆటకు తనే రూలు పెట్టుకొని దాన్ని తప్పకుండుడు. వానికి పని నేర్పేది ఇదే. మేము ల్యాబుల ఎంత చేసినా ఇంతకంటే మంచిగ నేర్పలేం."

ఆ మాటను హేమ తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

మా క్వార్టర్ల వెనక ఒక పక్కలైను ఉంది. బోగీల్ని అటూ ఇటూ మార్చే ఇంజను దాని మీద తిరుగుతుంటుంది. ఒక ఉదయం వర్ణిక మేకపిల్ల వెంట పడి ఆ పట్టాల మీదికి పోయింది. స్వరూప పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిలిస్తే వర్ణికకు వినపడింది, ఆగాలనీ తెలుసు, కానీ కాళ్లు అప్పటికే పోయాయి. డ్రైవరు బ్రేకు వేశాడు. ఇంజను వర్ణికకు బాగా దగ్గరగా వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దిగి కంకర మీద కూలబడ్డాడు. వర్ణిక మాత్రం మేకపిల్ల దొరకలేదని ఏడ్చింది.

నేను డ్యూటీ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి స్వరూప తడి చీర కొంగును పిల్ల మణికట్టుకు కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకుని గడపలో కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. ఇంజను కూత వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి పిల్ల ఎక్కడుందని లేచేది.

"హేమ దగ్గరికి పోదాం పాండ్రి," అంది చివరికి.

హేమ ల్యాబులో కొత్త వస్తువు ఒకటి తయారైందని మాకు తెలుసు. చూడటానికి అది మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు, అంతే. పిల్ల పగలంతా ఆగిన ప్రతిసారీ నుదురు వెనక మెదడులో కొన్ని తీగలు కొంచెం గట్టిపడతాయి. నిద్రలో ఆ బొట్టు ఆ తీగల్నే వెతికి, వాటి మీద పూత తొందరగా పట్టిస్తుంది. ఏళ్ల తరబడి జరగాల్సిన పని నెలల్లో అవుతుంది. నిప్పులోకి, నీళ్లలోకి, రోడ్డు మీదికి ఉరికి దెబ్బలు తగిలించుకున్న కొంతమంది పెద్ద పిల్లలకు అప్పటికే పెడుతున్నారు.

"గిట్ల బొట్టు లెక్క ఎందుకు చేసినవ్ హేమా?" అని అడిగాను.

"ముందు టోపీ చేసినం. నిద్రల పీకేసుకున్నరు. పట్టీ కడితే ఏడ్చిండ్రు. బొట్టు పెడితే మాత్రం అద్దంల చూసుకొని పండుకున్నరు."

తన తెలివికి తనే కొంచెం మురిసిపోతూ చెప్పింది. కానీ వర్ణికకు పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"దీనికి ఏ రోగం లేదక్కా. దీని ఈడు పిల్లలందరూ గిట్లనే ఉంటరు. ఇంకో రెండేండ్లు ఆగు."

"నేను ఆగుత. రైలు ఆగుతదా?"

హేమ ఒకసారి అక్క ముఖం చూసింది, నా ముఖం చూసింది, చివరికి సరేనంది. పాత బొట్టు తీసి కొత్తది ఎట్లా పెట్టాలో చూపిస్తూ, ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది.

"పొద్దుగాల లేవంగనే తీసెయ్యాలె అక్కా. మెలకువల ఉన్నప్పుడు ఇది నుదుటి మీద ఉండొద్దు. పగలు పిల్ల ఉరకాలె, తప్పులు చెయ్యాలె, తన్నుకోవాలె. అదంతా ఉంటేనే రాత్రి దీనికి పని ఉంటది."

మొదటి నెలలు ఎంత బాగున్నాయో ఇప్పుడు చెప్పడానికే కష్టంగా ఉంది. రోడ్డు అంచున వర్ణిక తనంతట తానే ఆగి, నా వేలు పట్టుకుని, రెండు పక్కలా చూసేది. పూల పళ్లెం లేకపోతే మూతి ముడిచి, ఒక నిమిషం పోరాడి, "సరే, గిండ్లనే పెట్టు" అనేది. సాయంత్రం ఆటలో బర్రె ఎగిరితే చెయ్యి సగం దాకా లేచి అక్కడే ఆగిపోయేది. ఆ సగం లేచిన చేతిని చూసి తనే ఆశ్చర్యపోయి, "ఎత్తలే, నేనెత్తలే" అని గెంతులేసేది. లోపల ఇద్దరు కుస్తీ పడుతున్నట్టు ముఖమంతా కదిలేది. నా కూతురు ఎదగడం నేను కళ్లారా చూసింది ఆ రోజుల్లోనే.

వానలు మొదలయ్యాక చెయ్యి సగం కూడా లేవడం మానేసింది. "బర్రె ఎగిరింది" అంటే ఒళ్లో చేతులు పెట్టుకుని నా వైపు చూసేది. ఓడటం లేదు, గెలిచానని గెంతడమూ లేదు. తర్వాత ఏ జంతువు పేరు చెబుతానో అని మర్యాదగా ఎదురుచూసేది.

బళ్లో టీచరు పొగడని రోజు లేదు. "మీ పాప బంగారమండీ. నలభై మందిలో పాప ఉన్నట్టే తెలియదు," అంది. నాకు ఆ మాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు తెలియలేదు.

ఒకరోజు నేనే ఉత్త కప్పులు తెచ్చి వర్ణిక ముందు పెట్టాను. "ఒక టీ ఇయ్యమ్మా," అన్నాను. అది కప్పులోకి తొంగి చూసింది.

"ఇండ్ల ఏం లేదు నాన్నా. అమ్మను పెట్టుమని చెప్పనా?"

వెక్కిరింపు లేదు, విసుగు లేదు. సాయం చేద్దామనే అడిగింది. నేను కప్పులు లోపల పెట్టేసి వచ్చాను.

ఆ వారంలోనే బళ్లో మెట్ల మీద పడింది. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది. మేజోడు నిండా నెత్తురు. టీచరుకు చెప్పలేదు, ఆటో డ్రైవరుకు చెప్పలేదు. కుంటకుండా నడిచి ఇంటికొచ్చి, బూట్లు విప్పి వరుసగా పెట్టి, చేతులు కడుక్కుని, స్వరూప దగ్గరికి పోయి నిలబడింది.

"అమ్మా, ఇప్పుడు ఏడ్వొచ్చా?"

స్వరూప దాన్ని ఒళ్లోకి లాక్కుంది. "ఏడువు బిడ్డా. ఏడువు. నేనున్న కదా, ఏడువు," అంటూ తనే ఏడ్చింది. వర్ణిక కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, కాసేపు ప్రయత్నం చేసింది.

"వస్తలేదమ్మా," అంది.

నేను అప్పుడే హేమకు ఫోన్ చేశాను. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది. వర్ణిక లేచి నిలబడి "దా చిన్నమ్మా, కూసో" అని కుర్చీ చూపించింది. పోయినసారి వస్తే మెడకు వేలాడిన పిల్ల. హేమ వంగి దాని నుదుటి మీద ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయింది. బొటనవేలితో బొట్టును తడిమి చూసింది.

"అక్కా, ఇది పగలెందుకున్నది?"

స్వరూప వడ్డించే గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నాకు ఆ క్షణం దాకా తెలియదు. రోజూ ఉదయం ఆమె దాన్ని తీసి మామూలు స్టిక్కరు పెడుతోందనే అనుకున్నాను. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. ఆడపిల్ల నుదుట బొట్టు ఉంటే, అది ఏ బొట్టని ఎవరు చూస్తారు?

"ఒక దినం స్టిక్కర్లు అయిపోయినయ్," అంది స్వరూప. "ఉత్త నుదుటితోని బడికెట్ల పంపుత హేమా? ఒక్క రోజుకేమైతదని దీన్నే ఉంచిన. ఆ రోజు బిడ్డ నా చెయ్యి ఇడువలే. ఇంజను కూతేస్తే గోడకు ఆనుకొని నిలబడ్డది. తెల్లారి స్టిక్కర్లు తెచ్చిన. తీద్దామని గోరు పెట్టిన. చెయ్యి రాలే నాకు. అది నుదుటి మీద ఉన్నంతసేపు నా బిడ్డ పట్టాల మీదికి పోదనిపించింది."

హేమ బొట్టును మెల్లగా ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ చోట చర్మం కొంచెం తెల్లగా ఉంది. అన్నాలు ఎవరమూ తినలేదు. వర్ణిక ఒక్కతే తిని, తన పళ్లెం తనే కడిగి పెట్టింది.

ల్యాబులో హేమ రెండు మెదళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. మామూలు ఆరేళ్ల పిల్ల బొమ్మలో నుదురు వెనక తీగలు పొదలాగా దట్టంగా అల్లుకుని ఉన్నాయి. వర్ణిక బొమ్మలో కొన్నే ఉన్నాయి, తళతళలాడుతున్నాయి. పగలు బొట్టు ఉన్నందువల్ల దాని మనసులో ఏ కోరిక పుట్టినా, పుట్టీ పుట్టగానే ఆగిపోయింది. కుస్తీ లేకుండానే గెలుపు. వాడకంలో లేని తీగల్ని మెదడు తనే వదిలించుకుంటుంది. అది అందరిలోనూ జరిగేదేనట, కానీ ఇరవై ఏళ్ల మీద నిదానంగా జరుగుతుంది. మా పిల్లకు ఒక్క వానాకాలంలో జరిగిపోయింది.

"మా దగ్గర ఒక బండికి రూటు ఇస్తే పట్టాలు మార్చే మిగతా పాయింట్లన్నీ లాక్ అయితయ్ హేమా," అన్నాను. "బండి పోయినంక మళ్ల ఇడిపిస్తం. దీనికి అట్ల ఇడిపించే మీట ఏదన్న..."

"లేదు బావా. ఉంటే నా ప్రాణం పెట్టన్న తిప్పుదును."

ఆమె తల వంచుకుంది. "నేను దాన్ని బొట్టు లెక్క చెయ్యకపోతే అక్క పొద్దున్నే తీసేసేది," అంది.

ఆ నెలలోనే హేమ ప్రయోగం ఆపేసింది. ఇచ్చిన బొట్లన్నీ తిరిగి తెమ్మని తల్లిదండ్రులకు కబురు పెట్టింది. వాళ్లు వచ్చి పోట్లాడారు. "మావాడు ఇప్పుడిప్పుడే చెప్పినమాట వింటున్నడు మేడమ్, ఇంకో ఆరు నెలలు ఉంచండి," అని ఒకాయన చేతులు జోడించాడు. వాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురు పగలు ఉంచుతున్నారని అప్పుడే బయటపడింది. ఆ పిల్లలు తండ్రుల పక్కన కదలకుండా కూర్చుని, పెద్దవాళ్ల పోట్లాట అయిపోయేదాకా ఎదురుచూశారు. నేను ఆ పిల్లల వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను.

మేము చేయని ప్రయత్నం లేదు. పూల పళ్లెం కావాలని దాచి చూశాం. వేరే పళ్లెంలో తినేసింది. స్వరూప అక్కపిల్లల్ని పిలిపించి ఇల్లంతా పీకి పందిరేయించాం. వాళ్లు పోయాక వర్ణిక దిండ్లు సర్దింది. ఒకసారి వాన పడితే నేను ముందు తడిసి, "దా బిడ్డా, ఉరుకుదాం," అని పిలిచాను. గడపలో నిలబడి, "వాన ఆగినంక వస్త నాన్నా," అంది. స్వరూప మాత్రం రోజూ దాని నుదుటి మీద ఆ తెల్లమచ్చను కొబ్బరినూనెతో రుద్దేది. మచ్చ చర్మంలో కలిసిపోతే పిల్ల తిరిగొస్తుందని ఎవరు చెప్పారో ఆమెకు. మచ్చ పోయింది. స్వరూప తినడం తగ్గించింది, మాట తగ్గించింది. పట్టాల వైపు తలుపు తీసే ఉంచేది. ఇంజను కూత వేస్తే ఇప్పుడు లేచేది కాదు.

వర్ణికకు ఏడేళ్లు నిండిన రోజు సాయంత్రం. స్వరూప వంటింట్లో అంట్లు తోముతోంది. నేనూ వర్ణికా వరండాలో కూర్చున్నాం. మాట్లాడటానికి ఏమీ లేక, నెలల తరబడి ఆడని ఆట పాత అలవాటు కొద్దీ మొదలుపెట్టాను.

"కాకి ఎగిరింది."

చెయ్యి లేచింది.

"పిచ్చుక ఎగిరింది. చిలుక ఎగిరింది."

లేచింది. లేచింది.

"బర్రె ఎగిరింది."

వర్ణిక నా ముఖం వైపు చూసింది. తలుపులోంచి వాళ్లమ్మ వీపు వైపు చూసింది. తర్వాత చెయ్యి నిండుగా, భుజం దాకా సాగదీసి పైకి ఎత్తింది. రెండో చెయ్యి తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే స్వరూప బూడిద చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది?" అంటూనే ఎత్తిన ఆ చెయ్యి చూసింది. చూసి అక్కడే కూలబడి, కూతుర్ని వాటేసుకుని, "ఓడిపోయినవా బిడ్డా, నా తల్లీ, ఓడిపోయినవా," అని ఏడుస్తూ నవ్వింది. తర్వాత ఒక్కచోట నిలవలేక, డబ్బాలోంచి చక్కెర గుప్పిట్లో తీసుకుని పక్కింటివాళ్లకు చెప్పడానికి పోయింది.

వరండాలో మేమిద్దరమే మిగిలాం. వర్ణిక చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. నాలో నవ్వు ఆగిపోయింది. సిగ్నల్ పనివాణ్ని. మీట వేసినప్పటి నుంచి దీపం మారేదాకా పట్టే సమయం నాకు తెలుస్తుంది. ఆ చెయ్యి చాలా ఆలస్యంగా లేచింది.

"ఎందుకెత్తినవ్ బిడ్డా?" అని మెల్లగా అడిగాను.

అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"బర్రె ఎగరదని నాకు తెలుసు నాన్నా," అంది. "కానీ నేను ఎత్తితే నువ్వు నవ్వుతుంటివి గదా ఇదివరకు. అమ్మ గూడ నవ్వుతుండె. నవ్వక శానా రోజులైంది మీరు."

నేను దాని తల మీద చెయ్యి పెట్టాను. పక్కింటి గుమ్మంలో స్వరూప గొంతు వినపడుతోంది, మా పిల్ల ఓడిపోయింది, మా పిల్ల ఓడిపోయింది అని అందరికీ చెబుతోంది.

"అమ్మకు చెప్తవా నాన్నా?" అని వర్ణిక అడిగింది.

"చెప్ప."

"అయితే రేపు గూడ ఎత్తుత."

ఇప్పుడు రోజూ ఆడుతున్నాం. స్వరూప గుమ్మంలో నిలబడి చూస్తుంది. మళ్లీ అన్నం తింటోంది, పట్టాల వైపు తలుపు వేసుకుంటోంది. ఒక ఆదివారం హేమ కూడా వచ్చి కూర్చుంది. చెయ్యి లేవడానికి ముందు పట్టిన ఆ కాస్త సమయం ఆమె కంటికి దొరక్కుండా పోదు. నా వైపు ఒకసారి చూసింది. తర్వాత మాతోపాటు తనూ నవ్వింది.

కాకి ఎగురుతుంది, పిచ్చుక ఎగురుతుంది. నేను బర్రెను ఎగరేస్తాను. వర్ణిక వాళ్లమ్మ ముఖం చూసి, నా ముఖం చూసి, చెయ్యి పైకెత్తుతుంది. ఏడుపు గొంతులోనే ఆపుకుని నేను నవ్వుతాను.